అమ్మానాన్నల డిగ్రీ, పిల్లల సీటు: అమెరికా కాలేజీల్లో లెగసీ ప్రవేశాలు

(అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న తెలుగు తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ కాలేజీలకు దరఖాస్తు నింపేటప్పుడు కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు ఒకేచోట నింపే ఆన్‌లైన్ దరఖాస్తు ఫారం) కుటుంబ వివరాల పేజీ ఒకటి వస్తుంది. అమ్మ ఎంతవరకు చదివింది, నాన్న ఎంతవరకు చదివాడు, ఏ కాలేజీలో, డిగ్రీ ఏ సంవత్సరంలో వచ్చింది అని అడుగుతుంది. మన పిల్లలు అక్కడ ఉస్మానియా అనో, ఆంధ్రా యూనివర్సిటీ అనో, జేఎన్‌టీయూ అనో రాసేసి తర్వాతి పేజీకి వెళ్లిపోతారు. ఇంకో పిల్ల అదే గడిలో తాను దరఖాస్తు పెడుతున్న కాలేజీ పేరే రాస్తుంది. చాలా కాలేజీల్లో ఆ ఒక్క గడి దగ్గరే ఇద్దరి ఫైళ్లకూ దారులు వేరైపోతాయి. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ గడి గురించే.

తల్లో తండ్రో చదివిన కాలేజీకి పిల్లలు దరఖాస్తు పెడితే, ఆ సంబంధం చూసి వాళ్లకు మొగ్గు చూపడాన్ని లెగసీ ప్రిఫరెన్స్ అంటారు. కాలేజీలు దీన్ని సమర్థించుకోవడానికి ఏళ్ల తరబడి చెబుతున్న మాట ఒకటుంది. ఇద్దరు విద్యార్థులు అన్ని రకాలుగా సమానంగా ఉన్నప్పుడు మాత్రమే చూస్తాం, ఇది టై బ్రేకర్ లాంటిది అంతే అని. కోర్టులో బయటపడ్డ లెక్కలు, ఆ తర్వాత వచ్చిన పరిశోధన చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మలేరు. ఎందుకు నమ్మలేరో చెబుతాను. మన కుటుంబాలకు దీనితో ఉన్న సంబంధం మారుతోంది కాబట్టి, ఆ సంగతీ చెబుతాను.

ముందు ఇది ఎక్కడ పుట్టిందో చూద్దాం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీల్లో చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. పాసైతే దాదాపు సీటు వచ్చినట్టే. పూర్వ విద్యార్థుల పిల్లలకు ప్రత్యేకమైన నియమం అక్కర్లేకపోయింది, పాసైన వాళ్లందరికీ చోటు ఉండేది కాబట్టి. ఆ రోజుల్లో తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు ప్రభుత్వ బడుల్లో చదివి ఆ పరీక్షలు పెద్ద సంఖ్యలో పాసవడం మొదలుపెట్టారు. 1922 నాటికి హార్వర్డ్‌లో కొత్తగా చేరేవాళ్లలో ఐదో వంతుకు పైగా యూదులు. అప్పటి అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ వాళ్ల సంఖ్యకు పరిమితి పెట్టాలన్నాడు. బాహాటంగా కోటా పెట్టడానికి అధ్యాపకులు ఒప్పుకోలేదు. దాంతో పద్ధతి మార్చారు. మార్కులతో పాటు 'వ్యక్తిత్వం' చూస్తామన్నారు, ఫొటో జతచేయమన్నారు, మొత్తం సీట్లకు హద్దు పెట్టారు. సీట్లకు హద్దు పెట్టగానే, పాసైనా చోటు దొరకనివాళ్లు తయారవుతారు. వాళ్లలో తమ పిల్లలు ఉండకూడదు కదా! డార్ట్‌మత్ 1922లోనే తన ప్రవేశ విధానంలో పూర్వ విద్యార్థుల కొడుకులకు ప్రత్యేక స్థానం రాసుకుంది. 1925లో యేల్ ప్రవేశాల బోర్డు ఇంకా సూటిగా తీర్మానించింది: యేల్ పట్టభద్రుడి కొడుకు అర్హతలన్నీ పూర్తి చేసి ఉంటే, సీట్ల పరిమితి అతన్ని ఆపకూడదు.

మన ఆర్టీసీ బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపడం అందరికీ తెలిసిందే. ఇక్కడ తువ్వాలు వేసింది తండ్రి, అదీ ముప్పై ఏళ్ల కిందట.

ఇప్పటి అడ్మిషన్ ఆఫీసర్లకు యూదుల మీద ద్వేషం ఉందని నేను అనడం లేదు. ఉద్దేశం మారింది. కానీ ఈ నియమం పనిచేసే తీరు మారలేదు. కొత్త సమూహం ఒకటి గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడల్లా, అప్పటికే లోపలున్న కుటుంబాలకే ఇది మేలు చేస్తుంది. ఆసియన్ అమెరికన్ల విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. 1980ల్లో, ఒకే స్థాయి అర్హతలున్నా తెల్లవాళ్ల కన్నా ఆసియన్లకు హార్వర్డ్‌లో తక్కువగా సీట్లొస్తున్నాయన్న ఫిర్యాదుల మీద విద్యాశాఖకు చెందిన పౌరహక్కుల కార్యాలయం విచారణ చేసింది. 1990లో ఫలితం చెప్పింది. తేడా నిజమేనంది. దానికి కారణం ఆసియన్ల పట్ల వివక్ష కాదు, లెగసీలకూ ఆటగాళ్లకూ ఇచ్చే ప్రాధాన్యం అంది. ఆ రెండు గుంపుల్లోనూ ఆసియన్లు బాగా తక్కువ. ఆ ప్రాధాన్యాలు చట్టబద్ధమే కాబట్టి కేసు మూసేశారు. 1965 వలస చట్టం తర్వాత వచ్చిన మన డాక్టర్ల, ఇంజినీర్ల పిల్లలు దరఖాస్తులు పెడుతున్న కాలం అది. వాళ్ల నాన్న గుంటూరు మెడికల్ కాలేజీలో చదివాడు, ఇక్కడి కాలేజీలో కాదు. అది తేడా తెచ్చింది. తెచ్చినా తప్పు లేదన్నారు.

ఇక ఫైలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మామూలుగా ఏ కాలేజీ చెప్పదు. హార్వర్డ్ విషయంలో మనకు తెలిసిందంటే, స్టూడెంట్స్ ఫర్ ఫెయిర్ అడ్మిషన్స్ అనే సంస్థ 2014లో వేసిన కేసు వల్లే. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదని తీర్పు ఇచ్చింది ఆ కేసులోనే. ఆ కేసు లెగసీల మీద కాదు, తీర్పు లెగసీలను ముట్టుకోలేదు కూడా. కానీ విచారణ కోసం హార్వర్డ్ తన లోపలి కాగితాలు బయటపెట్టాల్సి వచ్చింది.

ఫైలు మొదట ఆ ప్రాంతాన్ని చూసే రీడర్ దగ్గరికి వెళ్తుంది. చదువు, చదువుకు బయటి పనులు, ఆటలు, వ్యక్తిత్వం, మొత్తం మీద అంచనా అంటూ ఒక్కోదానికీ 1 నుంచి 6 వరకు అంకె వేస్తారు, 1 అన్నింటికన్నా మంచిది. తర్వాత ప్రాంతాల వారీగా ఉపసంఘాలు కూర్చుని సిఫారసు చేస్తాయి. ఆపైన దాదాపు నలభై మంది ఉండే పూర్తి కమిటీ ఓటు వేస్తుంది. సగం కన్నా ఎక్కువ ఓట్లు రావాలి. చివరికి ఉన్న సీట్ల కన్నా ఎంపికైన వాళ్లు ఎక్కువైతే, ఎవరిని తీసేయాలో చూసుకోవడానికి ఒక జాబితా చేసేవాళ్లు. ఆ జాబితాలో ఒక్కో విద్యార్థి గురించి నాలుగే వివరాలు ఉండేవని సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది: లెగసీ అవునా కాదా, ఆటకోసం తీసుకున్న అభ్యర్థా, ఆర్థిక సాయానికి అర్హత ఉందా, జాతి ఏమిటి. మార్కులు లేవు, వ్యాసం లేదు, టీచర్ రాసిన ఉత్తరం లేదు. సీటు ఉంటుందో ఊడుతుందో తేలే ఆఖరి మెట్టు మీద, నాలుగు గడుల్లో ఒకటి అమ్మానాన్నల డిగ్రీ. ఇప్పుడు జాతి గడి చట్టం ప్రకారం పోయింది. లెగసీ మీద అలాంటి నిషేధం రాలేదు.

ఇప్పుడు అంకెలు. 2014 నుంచి 2019 వరకు డిగ్రీ పూర్తి చేయాల్సిన ఆరు బ్యాచ్‌లలో లెగసీ దరఖాస్తుదారుల్లో 33.6 శాతం మందికి సీటు వచ్చింది. లెగసీ కానివాళ్లలో 5.9 శాతం మందికి. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఆరు రెట్లు అని వార్తల్లో రాస్తుంటారు. దయచేసి అంతటితో ఆగకండి, అది తప్పుడు పోలిక. హార్వర్డ్‌లో చదివిన తల్లిదండ్రుల పిల్లలు మంచి బడుల్లో చదువుతారు, వాళ్ల మార్కులు సగటు దరఖాస్తుదారు కన్నా ఎక్కువే ఉంటాయి. ఏ ప్రాధాన్యమూ లేకపోయినా వాళ్లలో 5.9 శాతం కన్నా ఎక్కువ మందికే సీట్లు వస్తాయి. అడగాల్సింది వేరే. అదే మార్కులు, అదే కార్యక్రమాలు, అదే అంచనాలు ఉన్న పిల్లకు తండ్రి వేరే చోట చదివుంటే ఏమయ్యేది?

ఆర్థికవేత్త పీటర్ ఆర్సిడియాకోనో, ఇంకో ఇద్దరు కలిసి ఆ ప్రశ్న వేసుకున్నారు. సీటు వచ్చే అవకాశం 10 శాతం ఉన్న మామూలు తెల్ల విద్యార్థిని తీసుకుని, అతను లెగసీ అయివుంటే ఆ అవకాశం ఐదు రెట్లవుతుందని తేల్చారు. టై బ్రేకర్ అంటే సమానంగా ఉన్న ఇద్దరిలో ఒకర్ని ఎంచడం. పది శాతం నుంచి యాభై శాతానికి ఎగరడాన్ని ఆ మాటతో పిలవలేం. వాళ్లు నాలుగు గుంపులను కలిపి చూశారు: ఆటలకు తీసుకున్నవాళ్లు, లెగసీలు, దాతల పిల్లలు ఎక్కువగా ఉండే డీన్ జాబితా, అధ్యాపకుల, సిబ్బంది పిల్లలు. సీటొచ్చిన తెల్లవాళ్లలో 43 శాతం ఈ నాలుగింట్లో ఏదో ఒక గుంపువాళ్లే. నల్లవాళ్లలో, ఆసియన్లలో, హిస్పానిక్‌లలో అది 16 శాతం కన్నా తక్కువ. ఆ 43 శాతంలో నాలుగింట మూడు వంతుల మంది, ఆ హోదా లేకుండా దరఖాస్తు చేసివుంటే తిరస్కరణకు గురయ్యేవాళ్లని అంచనా. ఆర్సిడియాకోనో ఆ కేసులో హార్వర్డ్‌కు ఎదురుపక్షం తరఫు నిపుణుడు. ఆ సంగతి మనసులో పెట్టుకునే ఈ అంకెలు చదవాలి.

అందుకే రెండో పరిశోధన నాకు ఇంకా ముఖ్యం. 2023 జులైలో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ ప్రచురించారు. వీళ్లు ఏ పక్షమూ కాదు. ముగ్గురిలో ఇద్దరు హార్వర్డ్ ప్రొఫెసర్లే. ఐవీ లీగ్ అని పిలిచే పేరున్న పాత ప్రైవేటు యూనివర్సిటీలు ఎనిమిదింటికి స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగో కలిపి పన్నెండు కాలేజీలు చూశారు. ప్రవేశ పరీక్షలైన ఎస్ఏటీ, ఏసీటీల్లో ఒకే స్కోర్లున్న పిల్లల్లో, ఆదాయంలో పై ఒక్క శాతం కుటుంబాల వాళ్లు ఆ కాలేజీల్లో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లల కన్నా రెట్టింపుకు పైగా ఉంది. సీట్లివ్వడంలో ఉన్న తేడాను విడదీస్తే, అందులో దాదాపు సగం లెగసీ వల్లే. మిగతాది ఆటల వల్ల, చదువుకు బయటి అంచనాల వల్ల.

వాళ్లు చేసిన ఒక పరీక్ష దగ్గర కాసేపు ఆగాలి, వాదన మొత్తం అక్కడే తేలుతుంది. లెగసీని సమర్థించేవాళ్లు ఏమంటారు? ఈ పిల్లలు నిజంగానే గట్టివాళ్లు, మీ స్ప్రెడ్‌షీటులో కనపడని గుణాలు వాళ్లకున్నాయి, వాటిని చూసే మేం సీటిస్తున్నాం అంటారు. అదే నిజమైతే, యేల్ లెగసీ పిల్ల ప్రిన్స్‌టన్‌కూ దరఖాస్తు పెట్టినప్పుడు ఆ గుణాలు ప్రిన్స్‌టన్‌కూ కనపడాలి కదా. గుణాలు పిల్లలో ఉంటే పిల్లతో పాటే వెళ్తాయి. వాళ్లు చూసింది ఇదే. సొంత కాలేజీలో ఆ పిల్లలకు ఎన్నో రెట్లు ఎక్కువగా సీట్లు వచ్చాయి. అదే స్థాయి వేరే కాలేజీలకు వెళ్లేసరికి ఆ మొగ్గు దాదాపు మాయమైంది, స్వల్పంగా మాత్రమే మిగిలింది. ఆ పెద్ద తేడా పిల్లలో లేదు, దరఖాస్తు గడిలో ఉంది. ఇంకో సంగతీ తేల్చారు. కాలేజీ తర్వాత ఎలా రాణిస్తారన్నది చదువు అంచనాలను, స్కోర్లను బట్టి బాగానే చెప్పొచ్చు. లెగసీ హోదాను బట్టి అలా చెప్పలేం.

ప్రతిభ అంటే ఏమిటో అంత తేలికగా తేల్చగలమా అని మీరు అడగొచ్చు. తేల్చలేం. స్కోరు ఒక్కటే ప్రతిభ అని నేననుకోను. కోచింగ్‌కు డబ్బున్న ఇంట్లో ఎస్ఏటీ స్కోరు 1500, ఇంటి పని, తమ్ముళ్ల బాధ్యత మోస్తూ తెచ్చుకున్న 1400 ఒకే కొలతతో చూడకూడదనే నా ఉద్దేశం. ప్రతిభను వెడల్పుగా చూడండి, తప్పులేదు. కానీ ఏ ప్రాధాన్యమైనా దరఖాస్తు పెట్టిన బిడ్డ గురించి ఏదో ఒకటి చెప్పాలి. పడ్డ కష్టం, ఎదిగిన పరిస్థితి, చేతిలో ఉన్న విద్య, ఏదైనా. లెగసీ గడి బిడ్డ గురించి ఏమీ చెప్పదు. సుప్రీంకోర్టు తీర్పుకు జస్టిస్ గోర్సచ్ విడిగా రాసిన అభిప్రాయంలో ఈ విషయం ఎత్తారు. వ్యతిరేకంగా రాసిన జస్టిస్ సోటోమయోర్ కూడా ఎత్తారు. ఆ కేసులో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరూ దీన్ని ఎత్తి చూపడం చిన్న విషయం కాదు.

విరాళాల వాదన ఇంకోటి ఉంది. పూర్వ విద్యార్థులు ఇచ్చే డబ్బుతోనే పేద పిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నాం, లెగసీ తీసేస్తే ఆ డబ్బు ఆగిపోతుంది అంటారు. దీన్ని కొట్టిపారేయకూడదు. జోనథన్ మీర్, హార్వీ రోజెన్ చేసిన అధ్యయనంలో, పిల్లలు కాలేజీ వయసుకు దగ్గరయ్యే కొద్దీ తల్లిదండ్రులు విరాళాలు పెంచుతున్నట్టు, పిల్లలకు సీటు రాకపోతే తగ్గించేస్తున్నట్టు స్పష్టంగా కనపడింది. అంటే కొంతమంది ఆశతోనే ఇస్తున్నారు. అయితే వంద పెద్ద యూనివర్సిటీలను 1998 నుంచి 2007 వరకు చూసిన మరో అధ్యయనం, పూర్వ విద్యార్థుల సంపదను లెక్కలోకి తీసుకున్నాక, లెగసీ విధానం ఉన్నందువల్ల మొత్తం విరాళాలు పెరిగాయనడానికి ఆధారం దొరకలేదంది. ఈ రెంటికీ పొంతన కుదురుతుంది. ఒక్కో కుటుంబం ఇచ్చే వేళ మారుతుంది, కాలేజీకి మొత్తంగా వచ్చేది పెద్దగా మారదు. ఇంకా ముఖ్యమైన మాట: సీటు మీద ఆశతో ఇచ్చే డబ్బును దానం అనకూడదు, పైగా ఆ దానానికి పన్ను మినహాయింపు కూడా తీసుకుంటారు.

తీసేసిన చోట ఏమైంది? ఎంఐటీ, కాల్‌టెక్ లెగసీ చూడవు, వాటి పరువుకు, పూర్వ విద్యార్థుల అభిమానానికి లోటేమీ రాలేదు. జాన్స్ హాప్‌కిన్స్ 2014లో చడీచప్పుడు లేకుండా ఆపేసి, 2020 జనవరిలో బయటకు చెప్పింది. 2009లో అక్కడ కొత్తగా చేరినవాళ్లలో లెగసీలు 12.5 శాతం, కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్‌కు అర్హులైన పేద పిల్లలు 9 శాతం. 2019కి లెగసీలు 3.5కు తగ్గారు, పెల్ అర్హులు 19.1కి పెరిగారు. ఇదంతా లెగసీ తీసేయడం వల్లే అనుకుంటే పొరపాటు. అదే కాలంలో హాప్‌కిన్స్ ఆర్థిక సాయం విపరీతంగా పెంచింది, 2018లో మైకేల్ బ్లూమ్‌బర్గ్ అందుకోసమే 180 కోట్ల డాలర్లు ఇచ్చారు. సీటు తలుపు తీసి, ఫీజు తలుపు మూసి ఉంచితే పేద బిడ్డ లోపలికి రాలేదు. రెండూ కలిసి చేయాలి. ఆమ్‌హర్స్ట్ కాలేజీ 2021లో లెగసీ తీసేసినప్పుడు ఆర్థిక సాయం కూడా పెంచింది అందుకే.

రాష్ట్రాల చట్టాలు వేగంగా చెప్పేస్తాను. 2021లో కొలరాడో ప్రభుత్వ కాలేజీల్లో మొదట నిషేధించింది. 2024లో వర్జీనియా, ఇల్లినాయ్ అదే దారి పట్టాయి. అదే ఏడాది మేరీల్యాండ్ ప్రైవేటు కాలేజీలనూ కలిపింది. కాలిఫోర్నియా 2024 సెప్టెంబర్ 30న సంతకమైన చట్టంతో రాష్ట్ర సాయం అందుకునే ప్రైవేటు లాభాపేక్ష లేని కాలేజీల్లోనూ లెగసీ, దాతల ప్రాధాన్యం నిషేధించింది, 2025 సెప్టెంబర్ 1 నుంచి అమలు. దాని బలహీనత శిక్షలో ఉంది. ఉల్లంఘించిన కాలేజీ పేరును రాష్ట్ర న్యాయశాఖ వెబ్‌సైట్‌లో పెడతారు, అంతే, జరిమానా లేదు. స్టాన్‌ఫర్డ్ అయితే 2025లో రాష్ట్రం విద్యార్థులకు ఇచ్చే కాల్ గ్రాంట్ల నుంచి తప్పుకుని, ఆ లోటు సొంత డబ్బుతో పూడ్చుకుంటూ, లెగసీని కొనసాగిస్తానంది. పేరు వెల్లడించడంతో ఆగిపోయే చట్టానికి, డబ్బున్న సంస్థలు ఎంత విలువిస్తాయో మిగతా రాష్ట్రాల శాసనసభలు ఇక్కడ చూసి నేర్చుకోవాలి.

ఇప్పుడు మీ చేతిలో పని. ఒక కాలేజీ లెగసీ చూస్తుందో లేదో తెలుసుకోవడానికి కన్సల్టెంట్ అక్కర్లేదు. కాలేజీ పేరు పక్కన 'కామన్ డేటా సెట్' అని వెతకండి. కాలేజీ తన ప్రవేశాల వివరాలు ఏటా ఒకే నమూనాలో పెట్టే పత్రం పీడీఎఫ్‌గా వస్తుంది. అందులో సి7 అనే పట్టిక చూడండి. ఎడమ పక్క పరిగణించే అంశాలు, పైన నాలుగు నిలువు గడులు: చాలా ముఖ్యం, ముఖ్యం, పరిగణిస్తాం, పరిగణించం. పూర్వ విద్యార్థులతో సంబంధం అన్న వరసలో ఎక్కడ గుర్తు పెట్టారో చూడండి. దానికి దగ్గర్లోనే కుటుంబంలో మొదటిసారి కాలేజీకి వెళ్తున్నవాళ్ల వరస కూడా ఉంటుంది, ఆ రెండూ పోల్చి చూస్తే ఆ కాలేజీ మనసు తెలుస్తుంది. ఒక ఏడాదిది చూసి వదలకండి, నాలుగైదేళ్లవి వరుసగా చూడండి, ఈ మధ్య చాలా కాలేజీలు గుర్తు మార్చాయి.

ఇక్కడ పొరపాట్లు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. 'పరిగణిస్తాం' అన్నంత మాత్రాన మొగ్గు కొద్దిగానే అనుకోకండి, ఆ గడి బరువు చెప్పదు. అలాగే చేరినవాళ్లలో లెగసీలు 14 శాతం అని చదివితే, ఆ 14 శాతమూ అన్యాయంగా వచ్చినవాళ్లని అనుకోకూడదు, వాళ్లలో కొందరు ఎలాగైనా వచ్చేవాళ్లే. మూడోది, లెగసీ అంటే ఎవరన్నది కాలేజీ కాలేజీకీ మారుతుంది. హార్వర్డ్‌లో తల్లో తండ్రో హార్వర్డ్ కాలేజీలో, అంటే బ్యాచిలర్స్ చదివుండాలి, లేదా హార్వర్డ్‌కు అనుబంధంగా ఉండిన ఆడపిల్లల కాలేజీ, పాత ర్యాడ్‌క్లిఫ్‌లో చదివుండాలి. అక్కడ ఎంబీఏ చేసినా లెక్క కాదు. స్టాన్‌ఫర్డ్‌లో మాస్టర్స్, పీహెచ్‌డీ కూడా లెక్కే. వారం రోజుల ఎగ్జిక్యూటివ్ కోర్సు సర్టిఫికెట్‌తో ఎక్కడా లెగసీ అవ్వరు.

ఈ మూడో విషయమే మనల్ని నేరుగా తాకేది. మనలో ఎక్కువమంది బీటెక్ అక్కడ చేసి ఎంఎస్‌కు ఇక్కడికి వచ్చినవాళ్లం. అందువల్ల మన పిల్లల్లో చాలామంది లెగసీలు కారు. కానీ మొదట్లో వచ్చినవాళ్ల పిల్లలు ఇక్కడే డిగ్రీలు చేసి, ఇప్పుడు వాళ్ల పిల్లలు హైస్కూల్‌కు వస్తున్నారు. పదిహేను ఇరవై ఏళ్లలో మన ఇళ్లల్లో లెగసీలు మామూలైపోతారు. మనకు లేనప్పుడు అన్యాయం అన్నదాన్ని, మన మనవళ్లకు అందేసరికి సంప్రదాయం అనడం మొదలుపెడతామా? నల్లజాతి, హిస్పానిక్ పట్టభద్రుల్లోనూ ఇదే చర్చ నడుస్తోంది. తరతరాలు బయట నిలబెట్టి, మా పిల్లల వంతు వచ్చేసరికే తీసేస్తారా అని కొందరు బాధపడతారు. ఆ బాధలో నిజముంది. కానీ హార్వర్డ్ లెగసీ, దాతల దరఖాస్తుదారుల్లో, ఆ కేసులో బయటపడ్డ లెక్కల ప్రకారం, దాదాపు 70 శాతం తెల్లవాళ్లే. మన వంతు కోసం ఆగితే, అప్పటికి గుమ్మం దగ్గరికి కొత్తగా వచ్చే వాళ్లెవరో, వాళ్లు ఆగిపోతారు.

ఇంక ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: లెగసీ తీసేస్తే మా అబ్బాయికి అవకాశం ఎంత పెరుగుతుందండీ?

చాలా తక్కువ అండీ. లెక్క వేద్దాం. ఒక కాలేజీకి 50,000 దరఖాస్తులు, 2,000 సీట్ల ఆఫర్లు అనుకుందాం. అందులో 280 మంది లెగసీలు. ప్రాధాన్యం తీసేస్తే వాళ్లలో 80 మంది సొంత బలంతో వస్తారనుకోండి, 200 సీట్లు ఖాళీ అవుతాయి. వాటికి పోటీ పడే లెగసీ కానివాళ్లు 49,000 మంది అనుకోండి. ఒక్కొక్కరికి పెరిగేది సగటున 0.4 శాతం. మూడున్నర శాతం ఉన్న అవకాశం 3.9 అవుతుంది. మీ అబ్బాయి సీటు కోసమే దీన్ని వ్యతిరేకించేట్టయితే నిరాశపడతారు. ఆ 200 సీట్లు ఎవరికి వెళ్తాయన్నది మాత్రం దేశానికి ముఖ్యం. పెద్ద కంపెనీల్లోకి, పై చదువులకు, ప్రభుత్వంలోకి వెళ్లే దారి ఆ పన్నెండు కాలేజీల్లోంచి చాలా సన్నగా పోతుంది.

ప్రశ్న: మా వారు స్టాన్‌ఫర్డ్‌లో ఎంఎస్ చేశారు. పాప దరఖాస్తులో అది రాయాలా, మానేయాలా?

రాయాలి తల్లీ. దరఖాస్తులో అడిగినదానికి నిజం చెప్పాలి, దాచడం తప్పు, దాచినా కాలేజీ దగ్గర పూర్వ విద్యార్థుల రికార్డు ఉంటుంది. తప్పు నియమంలో ఉంది, పాపలో లేదు. మీ వారు చేయగలిగింది ఇంకోటుంది. పూర్వ విద్యార్థిగా ఆయన మాటకు అక్కడ విలువ ఉంటుంది. ఈ ప్రాధాన్యం తీసేయండని ఆయన ఉత్తరం రాస్తే, బయటివాళ్లు రాసే వంద ఉత్తరాల కన్నా ఎక్కువ పనిచేస్తుంది. పాపకు సీటు రాకముందే రాయమనండి.

ప్రశ్న: మనకు ఇండియాలో రిజర్వేషన్లు, మేనేజ్‌మెంట్ కోటా ఉన్నాయి కదా. దీన్నే ఎందుకు తప్పుపట్టాలి?

ఆ రెంటినీ ఒక గాటన కట్టకండి. రిజర్వేషన్ తరతరాలుగా బయట నిలబెట్టినవాళ్ల కోసం. లెగసీ తరతరాలుగా లోపలున్నవాళ్ల కోసం. దిశే వేరు. మేనేజ్‌మెంట్ కోటా, ఎన్‌ఆర్‌ఐ కోటా దీనికి దగ్గరగా ఉంటాయి, వాటిమీద మన దగ్గర పోరాటం పాతదే. క్యాపిటేషన్ ఫీజుల మీద 1993లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పు ఆంధ్రప్రదేశ్ కేసే. 2005లో ఇనామ్‌దార్ తీర్పు ఎన్‌ఆర్‌ఐ సీట్లకు 15 శాతం హద్దు పెట్టింది. 2024లో పంజాబ్ ప్రభుత్వం మెడికల్ సీట్లలో ఎన్‌ఆర్‌ఐ నిర్వచనాన్ని మేనమామలు, పిన్నులు, బాబాయిల దాకా లాగితే, హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు అది మోసం అంది. ఒక తేడా మాత్రం గమనించండి. మన దగ్గర కన్వీనర్ కోటా ఎన్ని సీట్లు, మేనేజ్‌మెంట్ కోటా ఎన్ని సీట్లు అని కాగితం మీద ఉంటుంది, ర్యాంకు ఎంతో అందరికీ కనపడుతుంది. ఇక్కడ అన్నీ కలిపి ఒకే పేరుతో సీటిస్తారు, మొగ్గు ఎంతో కేసు పడితే తప్ప బయటకు రాదు.

ప్రశ్న: విరాళం ఇస్తే సీటు ఖాయమని ఒకాయన మా బంధువులకు చెప్పాడు, నమ్మొచ్చా?

నమ్మకండి. ఏటా వంద, వెయ్యి, అయిదు వేల డాలర్లు ఇవ్వడం వల్ల ఫైలు మీద ఏ ప్రభావమూ ఉండదు. డీన్ జాబితాలోకి ఎక్కే స్థాయి విరాళాలు మనం మాట్లాడుకునే సొమ్ము కాదు. మధ్యలో ఉన్న మనిషి 'పక్క దారి ఉంది' అంటే ఇంకా ప్రమాదం. 2019 మార్చిలో బయటపడ్డ వర్సిటీ బ్లూస్ కేసులో రిక్ సింగర్ సరిగ్గా ఆ మాటే వాడేవాడు. సేవాసంస్థ పేరుతో డబ్బు తీసుకుని, కోచ్‌లకు లంచాలిచ్చి, ఆడని పిల్లల్ని ఆటగాళ్లుగా చూపించాడు, పరీక్షలు వేరేవాళ్లతో రాయించాడు. అతనికి మూడున్నరేళ్ల జైలు పడింది. డబ్బిచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది జైలుకెళ్లారు, పిల్లల్లో కొందరి సీట్లు రద్దయ్యాయి. ఎవరైనా సీటుకు హామీ ఇస్తున్నారంటే అక్కడే లేచి వచ్చేయమనండి. కన్సల్టెంట్‌కు డబ్బు కట్టాలనుకుంటే గంటకింత అని కట్టే పద్ధతిలో, ఏం పని చేస్తారో రాసిచ్చిన ఒప్పందం మీదే కట్టమనండి. సీటు వస్తే ఇంత అన్న ఒప్పందం మాత్రం ఒప్పుకోవద్దని చెప్పండి.